అమ్మానాన్నల విశ్వాసం నాదెప్పుడవుతుంది?

ప్రశ్న: అక్కా, నాకు 22 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ సంఘంలోనే పెరిగాను. నాన్న సంఘపెద్ద, అమ్మ సండే స్కూల్ టీచర్. చదవడం రాకముందే 23వ కీర్తన కంఠతా వచ్చు. 13 ఏళ్లప్పుడు బాప్తిస్మం తీసుకున్నాను. నా తోటివాళ్లంతా తీసుకుంటున్నారు, నేనూ తీసుకున్నాను. ఇప్పుడు చదువు కోసం ఇంటికి దూరంగా ఉంటున్నాను. ఆదివారం లేచి మందిరానికి వెళ్లమనేవాళ్లు లేరు. కొన్ని వారాలు వెళ్లలేదు. ఏమీ జరగలేదు. అదే నన్ను భయపెట్టింది. ప్రార్థనకు కూర్చుంటే మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి, ఎవరితో మాట్లాడుతున్నానో తెలియదు. యూత్ మీటింగ్‌లో సాక్ష్యం చెప్పమంటే తల దించుకుంటాను. తాగుడు మానినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు చెబుతారు, నాకు చెప్పడానికేం లేదు. నాన్న మందిరంలో కన్నీళ్లతో ప్రార్థన చేస్తారు, ఇంటికొచ్చాక చిన్న విషయానికే అమ్మ మీద అరుస్తారు. నాకున్నది విశ్వాసమా, అలవాటా? మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా? ఇదంతా అమ్మకు చెబితే తట్టుకోలేదు. చెప్పకుండా నేను ఉండలేకపోతున్నాను.

జవాబు:

చెల్లీ,

నీ ఉత్తరం చదువుతూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మందిరానికి వెళ్లలేదు, ఏమీ జరగలేదు, అదే భయపెట్టింది అన్నావు చూడు, అక్కడ. దేవుడంటే పట్టింపు లేనివాళ్లకు ఏమీ జరగకపోతే హాయిగానే ఉంటుంది. ఆదివారం పొద్దున ఇంకో గంట పడుకుంటారు. నువ్వు అలా పడుకోలేకపోయావు. కాబట్టి నీ ప్రశ్నకు సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. మిగతా సగం గురించి మాట్లాడుకుందాం. కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపికగా చదువు.

బాలుడైన సమూయేలు కథ నీకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. దాన్ని ఒకసారి ఈ వయసులో, నీ కోసం చదువు. 1 సమూయేలు 3వ అధ్యాయం. పాలు మాన్పించాక తల్లి తీసుకొచ్చి మందిరంలో అప్పగించిన పిల్లవాడు. ఆమె ఏటేటా తెచ్చిచ్చే చిన్న అంగీ తొడుక్కుని, యాజకుడైన ఏలీ చెంత పని నేర్చుకుంటూ, దేవుని మందసం ఉన్నచోటే పడుకుంటూ పెరిగాడు. పొద్దున్నే మందిరం తలుపులు తీసేది అతనే. అంతకు మించిన భక్తిగల పెంపకం ఇంకేం ఉంటుంది? అయినా 7వ వచనం ఏమంటుందంటే, సమూయేలు అప్పటికి యెహోవాను ఎరగడు. ఆ మాటలో నింద లేదు. తప్పు చేశాడు కాబట్టి ఎరగడు అనలేదు, యెహోవా వాక్కు అతనికి ఇంకా ప్రత్యక్షం కాలేదు అంతే. మందిరంలో పెరగడం వేరు, దేవుణ్ణి ఎరగడం వేరు. ఆ రెంటి మధ్య ఒక కాలం ఉంటుందని గ్రంథమే దాచకుండా చెబుతోంది. నువ్వు ఇప్పుడు ఆ కాలంలో ఉన్నావు.

ఆ రాత్రి ఏం జరిగిందో చూడు. దేవుడు పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్లవాడు లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. చిన్నప్పటి నుంచి తనను పిలిచింది ఏలీయే కాబట్టి, ఎవరు పిలిచినా ఏలీ గొంతే అనుకున్నాడు. మనలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లలందరి సంగతీ ఇదే. దేవుడి మాట మనకు నాన్న గొంతులో వచ్చింది, క్షమాపణ అంటే ఏమిటో అమ్మ ముఖంలో చూశాం. నాన్న గొంతు కరుకుగా ఉంటే దేవుడూ కరుకుగానే వినిపిస్తాడు. అమ్మ బాధపడితే దేవుడు బాధపడినట్టే ఉంటుంది. ఇంటికి దూరమయ్యాక ఆ గొంతులు ఆగిపోయాయి, దాంతో దేవుడే మౌనమైపోయినట్టు నీకు అనిపిస్తోంది.

ఏలీ అప్పుడు చేసిన పని నాకు చాలా ఇష్టం. 'ఆయన ఏమంటున్నాడో నేను కనుక్కుని చెబుతాలే' అనలేదు. వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే 'నీ దాసుడు వింటున్నాడు, మాట్లాడు' అని నువ్వే చెప్పు అని పంపేశాడు. అలా తనంతట తాను పక్కకు జరగడం నిజంగా మన మేలు కోరే పెద్దలే చేయగలరు.

ఇక అలవాటా, విశ్వాసమా అని అడిగావు. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడాలని ఎవరు చెప్పారో గానీ, అది సరికాదని నా నమ్మకం. సిలువ మీద యేసు ప్రభువు అరిచి చెప్పిన మాట గుర్తు చేసుకో. 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు' అన్నది 22వ కీర్తన మొదటి మాట. 'నీ చేతికి నా ఆత్మను అప్పగిస్తున్నాను' అన్నది 31వ కీర్తనలోది. ప్రాణం పోయే వేళ ఆయన నోట వచ్చినవి తన జనులు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన మాటలు. కంఠతా వచ్చిన మాట అబద్ధపు మాట అయిపోదు. ఏదో ఒక రాత్రి నీకు సొంత మాటలు దొరకనప్పుడు, చదవడం రాకముందు అమ్మ నేర్పిన ఆ 23వ కీర్తనే నీకు దిక్కవుతుంది. దాన్ని పారేసుకోకు.

అలవాటులో ప్రమాదం లేదని మాత్రం అనను. అదే మందిరంలో ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కూడా పెరిగారు. జనం తెచ్చిన బలిమాంసం ఉడుకుతుండగానే మూడు ముళ్ల కొంకి గుచ్చి తమకు కావలసింది లాక్కునేవాళ్లు. బలిపీఠం వాళ్లకు రోజూ చూసే సామాను అయిపోయింది. అతి దగ్గరితనం వల్ల వచ్చే మొద్దుబారినతనం అది. పాట నోటితో పాడుతూ మనసులో మెసేజ్‌లకు జవాబులు ఆలోచించడం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటూ ఇంకా ఎంతసేపు అని గడియారం చూడటం, ప్రసంగంలో తర్వాతి ఉదాహరణ ఏమిటో ముందే తెలిసి విసుక్కోవడం, ఇవన్నీ ఆ దారిలోవే. అయితే నీకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. వాళ్లకు బాధ లేదు. నీకు బాధగా ఉంది, ఆ బాధతోనే ఉత్తరం రాశావు.

సాక్ష్యం సంగతికి వస్తాను. ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా ఉంది, నీ మీద కాదు. మన మీటింగుల్లో సాక్ష్యానికి ఒకే మూస పెట్టేశాం. ముందు పాడు బతుకు, మధ్యలో ఒక రాత్రి, తర్వాత కొత్త బతుకు. ఆ మూసలో పట్టని పిల్లలు చిన్నతనం నుంచీ రెండే పనులు నేర్చుకుంటారు. తల దించుకోవడం, లేదా లేని పాపాల్ని కాస్త పెంచి చెప్పడం. తాగుడు మానిన అన్న సాక్ష్యం నిజంగా గొప్పదే, దాన్ని తక్కువ చేయను. కానీ దాన్ని కొలబద్దగా పెట్టి నిన్ను కొలిస్తే నీకు ఎప్పటికీ తక్కువే వస్తుంది.

ఈ బాధ ఇప్పటిది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రిచర్డ్ బాక్స్టర్ అనే గొప్ప పాస్టర్ ఉండేవాడు. తండ్రి బైబిలు చదివి మారినవాడు, కొడుకును చిన్నప్పటి నుంచే వాక్యంలో పెంచాడు. ఆ కాలపు ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండు సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టిన క్రైస్తవులు, మారుమనస్సు ఏ వరుసలో, ఏ మెట్లలో వస్తుందో బోధించేవాళ్లు. బాక్స్టర్‌కు తనలో ఆ మెట్లు కనిపించలేదు. ఏ రోజున తాను మారాడో చెప్పలేకపోయాడు. తనలో ఉన్న భక్తి అంతా పెంపకం వల్ల, భయం వల్ల వచ్చిందేమోనని ఏళ్ల తరబడి నలిగాడు. చివరికి ఆయనకు అర్థమైంది ఏమిటంటే, దేవుడు అందరి హృదయాల్నీ ఒకేలా విరగ్గొట్టడు, ప్రసంగం ద్వారా పనిచేసినట్టే ఇంటి పెంపకం ద్వారా కూడా ఆయన కృప పనిచేస్తుంది అని. ఎందరినో ప్రభువు దగ్గరికి నడిపించిన ఆ మనిషి తన తేదీ చెప్పలేకపోయాడు.

అదే కాలంలో అమెరికాలోని న్యూ ఇంగ్లండు సంఘాల్లో పూర్తి సభ్యత్వం కావాలంటే మారుమనస్సు అనుభవాన్ని చెప్పుకోవాలనే నియమం ఉండేది. వలస వచ్చిన మొదటి తరం చెప్పుకుంది. వాళ్ల పిల్లలు బాప్తిస్మం పొంది, బుద్ధిగా పెరిగి పెద్దవాళ్లయ్యారు గానీ చాలామంది అలాంటి అనుభవం చెప్పలేకపోయారు. మరి వాళ్లకు పుట్టిన పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా? దీని మీద 1662లో బోస్టన్‌లో సభ పెట్టి, ఇవ్వొచ్చు గానీ ఆ తల్లిదండ్రులకు ప్రభువు బల్లలో భాగం లేదు అని తీర్మానించారు. సగం లోపల, సగం బయట. మీటింగ్‌లో తల దించుకుని కూర్చున్నప్పుడు నీ పరిస్థితి కూడా అదే కదా.

తేదీ ఉన్నవాళ్లూ ఉన్నారు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ భక్తిగల ఇంట్లో పెరిగి, గురువుగా అభిషేకం పొంది, సముద్రం దాటి మిషనరీగా వెళ్లొచ్చి, ఆ తర్వాత 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూడికలో కూర్చుని ఉండగా క్రీస్తు తన పాపాల్నే, తనవాటినే తీసివేశాడని నమ్మకం కలిగిందని రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. నీకూ అలాంటి రోజు రావచ్చు. రాకపోవచ్చు. వచ్చిందా లేదా అని క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోవద్దు. పౌలుకు ప్రభువు ఎదురై ఒక్కసారిగా మార్చేసిన దమస్కు దారి ఉంది. కానీ అదే పౌలు, అవ్వ లోయి దగ్గర, అమ్మ యునీకే దగ్గర విశ్వాసం నేర్చుకున్న తిమోతికి 'నువ్వూ ఒక దమస్కు చూసుకో' అని రాయలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావో తెలుసు కదా, నేర్చుకున్నవాటిలో నిలిచి ఉండు అని రాశాడు.

అయితే బుద్ధిమంతులుగా పెరిగిన మనకు ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి నీకు ఊరట మాత్రమే చెబితే మోసం చేసినట్టవుతుంది. ఎప్పుడూ పెద్ద తప్పు చేయని మనిషికి క్షమాపణ రుచి తెలియదు. యేసు నా పాపాల కోసం చనిపోయాడు అని వెయ్యిసార్లు అంటాం గానీ, ఏ పాపం అని ఎవరైనా నిలదీస్తే తడుముకుంటాం. లూకా 15లో ఇంట్లోనే ఉండిపోయిన పెద్ద కొడుకును చూడు. ఇన్నేళ్లుగా నీకు సేవ చేస్తున్నాను, నీ మాట ఎప్పుడూ జవదాటలేదు, నాకేమిచ్చావు అంటాడు తండ్రితో. కొడుకై ఉండి కూలివాడిలా మాట్లాడాడు. మన పాపాలు ఆ రకం. పొగడ్త కోసం ప్రార్థన కాస్త పొడిగించడం, మందిరానికి రాని పిల్లను చూసి లోలోపల మనమే నయం అనుకోవడం, దొరకకుండా అబద్ధాలాడే నేర్పు, దేవుడు నాకు బాకీ ఉన్నాడన్న లెక్క. ఇవి సాక్ష్యంగా చెబితే ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ వీటిలో ఒక్కదాన్ని పేరు పెట్టి ఆయన ముందు ఒప్పుకుని చూడు. క్షమాపణ అనే మాట నీకు మొదటిసారి బరువుగా తగలొచ్చు. ఆ పెద్ద కొడుకుతో తండ్రి 'నువ్వు ఎప్పుడూ నాతోనే ఉన్నావు, నావన్నీ నీవే' అన్నాడు. ఆ మాట నీకు కూడా.

నాన్నగారి విషయం. మందిరంలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం చూసి పెరిగిన పిల్లలకు రెండు గాయాలు తగులుతాయి. నాన్న మీద నమ్మకం పోతుంది, దాంతోపాటు ఆయన చెప్పిన దేవుడి మీదా పోతుంది. రెండోది పోకుండా చూసుకోవాలంటే మొదటిదాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. ఆయన అమ్మ మీద అరవడం తప్పు. ఆయన సంఘపెద్ద కావడం వల్ల అది చిన్న తప్పు అయిపోదు. 'కుటుంబ సాక్ష్యం పాడవుతుంది' అని దాన్ని కప్పిపుచ్చే బాధ్యత దేవుడు నీకు అప్పగించలేదు. చెయ్యి చేసుకోవడం దాకా వెళ్తే మాత్రం సంఘం లోపలైనా బయటైనా నమ్మకమైన పెద్దలకు తెలియాలి, సాయం కావాలి, అందులో సందేహం లేదు. మందిరంలో ఆయన కన్నీళ్లు నాటకమని కూడా నువ్వు తేల్చనక్కర్లేదు. ఓడిపోతున్న మనిషి కన్నీళ్లు కూడా నిజమైనవే కావచ్చు. ఏలీ ఇల్లు చక్కగా లేదు, కొడుకుల్ని అదుపులో పెట్టలేకపోయాడు. అయినా దేవుడు సమూయేలుతో మాట్లాడింది ఆ ఇంట్లోనే.

భయం గురించి నువ్వు ఒక్క మాటే రాశావు గానీ, దాని వెనుక చాలా ఉంటుందని నాకు తెలుసు. స్కూలు నుంచి ఇంటికొస్తే ఎవరూ కనిపించకపోవడం, అమ్మా అని పిలిస్తే పలకకపోవడం, పొయ్యి మీద గిన్నె అలాగే ఉండటం, ప్రభువు వచ్చి అందర్నీ తీసుకుపోయాడు నన్నొక్కదాన్నే వదిలేశాడు అని గుండె జారిపోవడం. ఇలాంటి ఇళ్లలో పెరిగిన ఎంతోమంది ఈ మాటే చెబుతారు. ఆ భయంతోనే ప్రతి మీటింగ్‌లోనూ చెయ్యెత్తి, ప్రతిసారీ కొత్తగా రక్షణ పొందుతారు. పిల్లలచేత ఇలా పదే పదే చేతులెత్తించడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. నీ బాప్తిస్మం ప్రశ్న కూడా అక్కడి నుంచే వచ్చిందేమో చూసుకో. భయం పోవడానికి మళ్లీ తీసుకుంటే, ఇంకో తొమ్మిదేళ్లకు ఆ రెండోదాని మీదా ఇదే అనుమానం వస్తుంది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చి తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంఘాలున్నాయి, సొంత నోటితో ఒప్పుకున్నాకే ఇచ్చే సంఘాలున్నాయి. రెండు చోట్లా అర్థం ముందే పూర్తిగా తెలిసి నీళ్లలోకి దిగినవాళ్లు తక్కువే. రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు అప్పటికే బాప్తిస్మం పొందినవాళ్లతోనే, అదేమిటో మీకు తెలియదా అంటూ దాని అర్థం విప్పి చెబుతాడు. ఇప్పుడు తొందరపడకు. ఏడాది ఆగి, మనసు కుదుటపడ్డాక కూడా అదే అనిపిస్తే అప్పుడు మీ పాస్టర్ గారితో మాట్లాడు.

ఇప్పుడు చేయాల్సినవి. నీకు వాటంతట అవే వచ్చేసే పొడుగు ప్రార్థన కొన్నాళ్లు పక్కన పెట్టు. గది తలుపు వేసుకుని ఒకే ఒక్క నిజమైన వాక్యం చెప్పు. 'నువ్వు వింటున్నావో లేదో నాకు తెలియదు' అన్నా సరే. కొడుకు జబ్బుతో వచ్చిన తండ్రి యేసుతో 'నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి' అన్నాడు, మార్కు 9లో. ముందు పూర్తిగా నమ్మి రా అని ఆయన తిప్పి పంపలేదు.

మార్కు సువార్త మొత్తం ఏకబిగిన చదువు. 16 అధ్యాయాలే, గంటన్నర చాలు. ఇంట్లో అధ్యాయం తర్వాత అధ్యాయం ముక్కలుగా చదివావు కాబట్టి అది ఒక మనిషి కథ అన్న సంగతి జారిపోయి ఉంటుంది. ఎక్కడ ఆయన నీకు నచ్చాడో, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ కోపం వచ్చిందో పక్కన రాసుకో. జవాబులు వెతక్కు. ఒక కాగితం మీద నీ సందేహాలన్నీ రాసి, ఇందులో దేవుడి మీద ఏవి, సంఘం మీద ఏవి, నాన్న మీద ఏవి అని గుర్తు పెట్టు. అన్నీ ఒకే ముద్దగా ఉన్నంతకాలం ఏదీ తెగదు.

నువ్వున్న చోట ఏదో ఒక సంఘానికి వెళ్లు, సంఘపెద్ద కూతురిగా కాదు, వెనుక వరుసలో ఎవరికీ తెలియని అమ్మాయిగా. పాట పాడమంటే, క్లాసు చెప్పమంటే ప్రస్తుతానికి వద్దను. చిన్నప్పటి నుంచి స్టేజీ మీదే పెరిగినదానివి, కొన్నాళ్లు కింద కూర్చుని విను. అక్కడ వయసులో పెద్దదైన ఒక స్త్రీని చూసుకో. నీ సందేహం వినగానే కంగారుపడి ప్రార్థన మొదలుపెట్టేసే మనిషి వద్దు. ప్రశ్న పూర్తిగా విన్నాక 'నాకూ తెలియదు' అనగలిగిన మనిషి కావాలి. సాక్ష్యం చెప్పమని బలవంతపెడితే 71వ కీర్తనలో ఉన్న మాట నీకు చాలు. బాల్యం నుంచి నా ఆశ్రయం నీవే, పుట్టినప్పటి నుంచి నన్ను మోసినవాడివి నీవే అంటాడు ఆ కీర్తనకారుడు. దానికి 'ఇప్పుడు నా అంతట నేను ఆయన్ని వెతుక్కుంటున్నాను' అని కలిపి కూర్చో. అందులో ఒక్క అబద్ధం లేదు.

చివరిగా అమ్మ. సమూయేలు కూడా ఆ తెల్లవారి తలుపులు తీసి, విన్నది ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. తన మీద ప్రేమగా ఉన్న మనిషికి కష్టమైన మాట చెప్పాలంటే ఎవరికైనా భయమే. ఏలీ అడిగాడు, దాచకుండా చెప్పాడు. నువ్వు కూడా ఫోన్‌లో కాకుండా ఇంటికి వెళ్లినప్పుడు, నాన్న లేని సమయం చూసి అమ్మ పక్కన కూర్చో. 'నాకు నమ్మకం పోయింది' అని మొదలుపెట్టకు, అది నిజం కూడా కాదు. 'అమ్మా, నువ్వు నేర్పింది నేను వదిలేయట్లేదు. దాన్ని నాదిగా చేసుకోవాలని చూస్తున్నాను. కొన్నాళ్లు నాకు ప్రశ్నలుంటాయి, నువ్వు భయపడకు' అని చెప్పు. ఏడుస్తుంది. ఏడవనివ్వు, ఆ ఏడుపు ఆపడానికి అబద్ధం చెప్పకు. తర్వాత, నీకు ఎప్పుడైనా ఇలా అనిపించిందా అమ్మా అని అడుగు. ఇన్నేళ్లుగా సండే స్కూల్ చెబుతూ, ఇంట్లో ఆ అరుపులు భరిస్తూ, ఆవిడ దేవుణ్ణి ఏమేం అడిగిందో నీకు ఇంతవరకు తెలియదు. ఆవిణ్ణి కూడా ఎవరూ అడిగి ఉండకపోవచ్చు.

మార్కు చదివాక ఏమనిపించిందో నాకు రాయి. ఏమీ అనిపించకపోతే ఆ మాటే రాయి.

ప్రేమతో,
అక్క